పొడపత్రి పెరుగు

పెరుగు గిన్నె పూర్తిగా ఖాళీ చెయ్యకూడదన్నది చిట్టెమ్మత్త ఇంట్లో రాజ్యాంగం. ఎంతమంది చుట్టాలు వచ్చినా, ఎవరు ఎంత వడ్డించమన్నా, అడుగున గరిటెడు మిగలాల్సిందే. ఆ గరిటెడే మర్నాటి పాలకు తోడు. ఆ తోడు ఆవిడ కాపరానికి వచ్చిన రోజున వాళ్ళ అత్తగారు చేతిలో పెట్టింది. ఆ అత్తగారికి ఆవిడ అత్తగారు ఇచ్చిందట. ఇంట్లో మనుషులు మారారు, గేదెలు మారాయి, మట్టి ముంత పోయి స్టీలు గిన్నె వచ్చింది. పెరుగు మాత్రం అదే పెరుగు.

ఈ సంగతి నూకరత్నానికి తెలియనిదా? తల్లి పోయాక మేనమామ ఇంట్లో ఆ పెరుగన్నమే తిని పెరిగింది. ఆ తర్వాత విశాఖపట్నంలో సూక్ష్మజీవుల మీద డాక్టరేటు కూడా చేసింది. అయినా సరే, గుర్తు రావలసిన సమయానికి గుర్తు రాలేదు. చదువుకున్నవాళ్ళ మతిమరుపు అలాగే ఏడుస్తుంది మరి!

ఆమె మేనమామ అప్పలసూరిది అనకాపల్లి పక్కన తీగలవానిపాలెం. ఆ ఊళ్ళో చెరకు పండించేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, పాకం మేస్త్రి మాత్రం అతనొక్కడే. చలికాలం మొదలైతే చాలు, పొద్దు పొడవకముందే గానుగ దగ్గర పొయ్యి రాజేసేవారు. చెరకు పిప్పి ఎగదోస్తూంటే పెద్ద ఇనప పెనంలో రసం కుతకుతలాడేది. అప్పలసూరి ఇంత రసం అరచేతిలో పోసుకుని నాలిక్కి రాసుకుని, "ఇది ఏటిగట్టు సేను. ఉప్పు నీరు తగిలినాది. సున్నం తక్కువెయ్యండి" అనేవాడు. ఏ చేను చెరకో, ఎన్నాళ్ళ కిందట కొట్టిందో నాలికతో చెప్పేసేవాడు. ఆ పెనం పక్కన గోనెసంచి మీద కూర్చుని వేడి పాకం కోసం చెయ్యి చాపిన రోజులు తలుచుకుంటే నూకరత్నానికి ఇప్పటికీ కడుపులో తియ్యగా ఉంటుంది. ఎంత మంచి రోజులవి!

ఒకనాడు మామ కంచె మీద పాకిన తీగ నుంచి రెండు ఆకులు తెంపి, "నమలవే" అన్నాడు. నమిలింది. వెంటనే బెల్లంముక్క నోట్లో పెట్టాడు. మట్టిబెడ్డ! "మావా, నీ బెల్లం పాడైపోయింది" అని ఆ ఎనిమిదేళ్ళ పిల్ల గుక్కపట్టి ఏడిస్తే, గానుగ దగ్గరున్న వాళ్ళందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "అది పొడపత్రే పిచ్చిగుంటా! గంటాగితే తీపి అదే వస్తాది. సుగరున్నోళ్ళకి మా అయ్య ఈ ఆకే ఇచ్చేవోడు" అన్నాడు మామ. నిజంగానే కాసేపటికి తీపి తిరిగివచ్చింది. ఆ గంటసేపు తీపి ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మాత్రం ఆమెను వదల్లేదు. ఆ ప్రశ్న పట్టుకునే అంత చదువూ చదివింది.

ఏళ్ళు గడిచాక ఆ సుగరు మామకే వచ్చింది. అదీ మొండి సుగరు. మాత్రలకు లొంగలేదు, ఇన్సులిన్ ఎంత పొడిచినా దిగలేదు. ఎడమకాలి బొటనవేలు తీసేశారు. తీసిన చోట పుండు ఏడాదైనా మానలేదు. పెద్ద డాక్టరు ఇక పాదం సంగతి ఆలోచించుకోమన్నాడు. పొడపత్రి ఆకు నమిలితే కాస్త తగ్గేది గానీ, పూటకు గుప్పెడు చొప్పున జీవితమంతా ఎవరు నమలగలరు?

నూకరత్నం ఆలోచన అక్కడ మొదలైంది. ఆకును మనిషి నమలడమెందుకు? పెరుగులో ఉండే సూక్ష్మజీవికే ఆకు గుణం నేర్పిస్తే సరిపోదా? అది పేగుల్లో కాపురం పెట్టి, రాత్రనక పగలనక పొడపత్రి సారాన్ని తనే తయారుచేస్తుంది. తిన్న తీపిని నెత్తురులోకి పోనివ్వదు. ఒక్క కప్పు పెరుగు తింటే జీవితాంతం సరిపోతుంది. ఆరేళ్ళు పట్టింది. ఎలుకల్లో పనిచేసింది, కోతుల్లో పనిచేసింది. పన్నెండుమంది మనుషుల మీద పరీక్షించడానికి అనుమతి వచ్చింది. ఆ పన్నెండుమందిలో అప్పలసూరి పేరు తొమ్మిదోది. పరీక్ష చేసేవాళ్ళు సొంతవాళ్ళను చేర్చుకోకూడదన్నది నియమం. అతను తన మేనమామ అన్న సంగతి ఆమె ఫారంలో రాయలేదు. మామ కాలు చూశాక చెయ్యి ఆడలేదు మరి.

మూతబెట్టిన కప్పు తనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చింది. లాబ్‌లో అందరికీ చెప్పిన మాటే అత్తకీ చెప్పింది.

"అత్తా, కప్పు మొత్తం మావ చేతే తినిపించాలి. ఒక్క చుక్క మిగల్చకూడదు. కప్పు మరిగే నీళ్ళలో పడెయ్యాలి."

"అలాగేలేవే. సిన్నపిల్లకి సెప్పినట్టు సెప్తావు" అంది చిట్టెమ్మత్త.

"తీపి కొంచెం తగ్గినట్టు ఉండొచ్చు మావా. ఫారంలో రాశాం."

"బెల్లం నాకు కొత్తేటే? నలబై ఏళ్ళు తిన్నాను. పుండు మానితే సాలు" అన్నాడు అప్పలసూరి.

మూడో వారానికి సుగరు నూటపదికి దిగింది. రెండో నెలకు పుండు ఎండి పైన కొత్త చర్మం వచ్చింది. అప్పలసూరి చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచాడని విని, నూకరత్నం లాబ్ బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని మరీ ఏడ్చింది. లాబ్ పెద్ద పసుమర్తి గారు ఎప్పుడూ ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోయినవాడు కాడు. ఆయన కూడా కాగితాలు రెండుసార్లు తిరగేసి, "ఫరవాలేదమ్మా" అన్నాడు. ఆయన నోట అది పద్మశ్రీతో సమానం.

మూడో నెల పరీక్షకు నూకరత్నం మళ్ళీ ఊరికి వెళ్ళింది. మామ వేలి నుంచి చుక్క నెత్తురు తీసి చూసుకుని, అత్త పెట్టిన అన్నం తిని, ఆఖర్న గడ్డపెరుగు వేసుకుని వేళ్ళు నాకింది. ఎన్నాళ్ళయింది ఆ పెరుగు తిని! ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేసింది.

నాలుగో రోజు లాబ్ కాంటీన్‌లో టీ నోట్లో పోసుకుని మొహం చిట్లించింది.

"ఏం ఎర్రయ్య గారూ, పంచదార మానేశారా?"

"రెండు చెంచాలు వేశానమ్మా, మీరు ఎప్పుడూ తాగేదే" అన్నాడు టీ పోసే ఎర్రయ్య, నొచ్చుకుని.

ఆమె పంచదార డబ్బా అందుకుని చిటికెడు నాలిక మీద వేసుకుంది. ఇసుక. ఇంకో చిటికెడు వేసుకుంది. ఇసుకే. ఒక్క క్షణం ఎనిమిదేళ్ళ పిల్లయిపోయి నవ్వబోయింది, మరుక్షణం డబ్బా టక్కున కింద పెట్టేసింది. లాబ్‌లో చేతులకు తొడుగులు లేకుండా ఆ సూక్ష్మజీవిని ముట్టుకున్న పాపాన ఎన్నడూ పోలేదు. మరి నోట్లోకి ఎలా వచ్చింది? అప్పుడు గుర్తొచ్చింది, అత్త గిన్నె, అడుగున మిగిలే గరిటెడు తోడు. ఎర్రయ్య "అమ్మా, అమ్మా" అంటూంటే టీ వదిలేసి పరుగెత్తింది.

లాలాజలం పరీక్ష చేసి చూసుకుంది. అనుమానం లేదు. పేగుల్లో ఉండమని పంపిన జీవి నాలిక కింద కూడా కాపురం పెట్టింది. ఆకు నమిలితే గంటలో పోయే గుణం, ఇప్పుడు దానంతటది ఎప్పటికీ పోదు.

మర్నాడు పొద్దున్నే తీగలవానిపాలెంలో దిగేసరికి చిట్టెమ్మత్త వాకిట్లో పేడనీళ్ళు చల్లుతోంది.

"అత్తా, నేనిచ్చిన కప్పు మొత్తం మావకే పెట్టావా?"

"పెట్టాను. గరిటెడు ఉంచినాను" అంది ఆవిడ, అదేదో అడగాల్సిన ప్రశ్నే కానట్టు. "పెరుగు గిన్నె ఖాళీ చేస్తే ఇల్లు గుల్లయిపోదేటే? మా అత్త తోడులో కలిపేసినాను. ఎంత బాగా తోడుకున్నాదనుకున్నావు, కత్తెట్టి కోసుకోవాల."

"ఎవరికైనా ఇచ్చావా?"

"తోడడిగితే లేదంటానేటి? పక్కింటి దాలమ్మకిచ్చినాను, దానికీ సుగరే గదా. దాని దగ్గర తీసుకుని కింద వీధోళ్ళు, ఆల్ల దగ్గర పై వీధోళ్ళు." అత్త చెంబు కింద పెట్టి మురిసిపోయింది. "ఊరంతా నీ పేరే సెప్పుకుంటన్నారే రత్నం. ఒక్కరికీ సుగరు లేదు."

"తీపి తెలుస్తోందా ఎవరికైనా?"

"తెలీదు. పొడపత్రి గదా మరి! నోరు సప్పబడితే మందు పనిచేసినట్టేనని మీ మావ సెప్పినాడు. గుంటలు సాకలెట్లు మానేసినారు, పళ్ళు పుచ్చవు, మంచిదేగదా అనుకున్నాం."

నూకరత్నం అరుగు మీద కూలబడింది. కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించాలి? అడగాల్సిన ప్రశ్న మూడు నెలల కిందట అడగనిది తనే. అంతలో లోపలి గదిలోంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు కాదు, ఓపిక అయిపోయినదాని మూలుగు.

అది అప్పలసూరి మనవరాలు, కోడలు గౌరీశ్వరికి పుట్టి పన్నెండు రోజులు. "నాలుగు రోజులు బాగానే తాగినాది వదినా" అంది గౌరీశ్వరి, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "తర్వాత నుంచీ రెండు గుక్కలేసి మొహం తిప్పేస్తంది. దిష్టి తీసినాం, తాయెత్తు కట్టినాం. ఆసుపత్రిలో అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఉగ్గుగిన్నెతో పోస్తే సగం కక్కేస్తంది. బరువు తగ్గిపోనాది." బిడ్డ డొక్కలు లోపలికి పోయాయి. అరచెయ్యంత మొహంలో కళ్ళు మాత్రమే పెద్దవి.

నూకరత్నానికి అర్థమైంది. తల్లిపాలు తియ్యన. పుట్టిన బిడ్డకు ఈ లోకంలో తెలిసిన మొదటి మంచి అదే. ముద్దులు పెట్టే ఇంటివాళ్ళ నోళ్ళ నుంచి ఆ జీవి పిల్ల నోటికి చేరింది. దానికి ఇప్పుడు తల్లి రొమ్ము ఉప్పునీళ్ళు.

మామ గానుగ దగ్గరున్నాడు. పెనం దింపి, అచ్చుల్లోంచి తీసిన దిమ్మల ముందు తల వంచుకుని కూర్చున్నాడు. బెల్లం కాటుక రంగులో ఉంది. అతని చేతి బెల్లం బంగారం రంగు తప్ప మరో రంగులో ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏ సేను రసమైనా ఉప్పగానే తగుల్తంది" అన్నాడు ఆమె వైపు చూడకుండానే. "ఉప్పు నేలలనుకుని సున్నం సగానికి తగ్గించేసినాను. మురికి ఇరిగి పైకి తేల్లేదు, ఇదిగో ఇలగ నల్లబడిపోనాది. సెరుకుదే తప్పని అందరికీ సెప్పినాను. అబద్ధమాడినానే. పాకం మేస్త్రికి నాలిక పోనాదని ఎలగ సెప్పుకోను?"

ఆమె అతని పక్కనే నేల మీద కూర్చుని అంతా చెప్పింది. ఏడు రోజుల మాత్రలున్నాయి. ఆ జీవిని చంపేస్తాయి, తీపి తిరిగివస్తుంది. కానీ ఊళ్ళో అందరూ ఒకేసారి మింగాలి. ఒక్క నోట్లో మిగిలినా, ఒక్క ఎంగిలి గ్లాసుతో మళ్ళీ మొదటికొస్తుంది. మాత్రలు మింగితే సుగరు కూడా వెనక్కి వస్తుంది.

"నీకొక్కడికీ ఉంచొచ్చు మావా. నువ్వు వైజాగ్ వచ్చి లాబ్ గదిలో ఉండాలి. వేరే కంచం, వేరే మంచం. ఎవరినీ ముట్టుకోకూడదు. నీ కాలు ఉంటుంది."

అప్పలసూరి మానిన పాదాన్ని చేత్తో నిమురుకున్నాడు. చాలాసేపు నిమురుకున్నాడు. "మనవరాల్ని అద్దంలోంచి సూడమంటావు. ఆ కాలేసుకుని నానెక్కడికి నడవాలే?" అన్నాడు.

అనకాపల్లి నుంచి మాత్రల పెట్టెలు వచ్చాక, సాయంత్రం గానుగ పాకలో ఊరంతా పోగైంది. నూకరత్నం లేచి నిలబడి తప్పు తనదేనని చెప్పింది. గొణుగుళ్ళు మొదలయ్యాయి. దాలమ్మ కర్రానించుకుని లేచింది. "ఓలమ్మా, నా కళ్ళకి మసక తగ్గినాది. పదేళ్ళ తర్వాత సూదిలో దారం ఎక్కించినాను. మాలాటోళ్ళకి ఉంచి, మిగతావోళ్ళకి ఇయ్యొచ్చు గదా?"

"ఉంచలేను పెద్దమ్మా. నువ్వు ఊళ్ళో ఉన్నంతకాలం అందరికీ అంటుకుంటూనే ఉంటుంది."

"అంటే పిల్ల కోసం మా అందరికీ మళ్ళీ సుగరా?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. ఎవరూ ఆ మనిషిని తిట్టలేదు. సగంమంది మనసులో ఉన్న మాటే అది.

అప్పలసూరి లేచాడు. "నాకు మాటలు రావు. ముందు మాత్ర నాకిచ్చెయ్యి రత్నం" అని చెయ్యి చాపాడు. మింగి, నీళ్ళు తాగి, "నా కాలు సంగతి మీకందరికీ తెలుసు" అని మాత్రం అని కూర్చున్నాడు.

దాలమ్మ ఆ కాలి వంక చూసింది. తర్వాత పిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ గౌరీశ్వరి వంక చూసింది. "తల్లిపాలు సేదెక్కిన బిడ్డని సూడ్డానికేటి నాకు కళ్ళు? ఇలా తే" అని విసురుగా మాత్ర లాక్కుంది. ఆవిడ వెనకే అందరూ వరస కట్టారు.

మర్నాడు గిన్నెల వంతు. నూటనలభై ఇళ్ళ పెరుగు గిన్నెలూ గానుగ దగ్గరకు వచ్చాయి. పాకం కాగే పెనంలో నీళ్ళు మరుగుతున్నాయి. ఒక్కొక్కరూ పెరుగు గోతిలో పారబోసి, గిన్నె మరిగే నీళ్ళలో ముంచి పట్టుకెళ్తున్నారు. చిట్టెమ్మత్త అందరికంటే ముందొచ్చి, అందరికంటే వెనక నిలబడింది.

"ఒసే రత్నం, నీ మిసన్లతో మా అత్త తోడు ఏరుగా తియ్యలేవేటే?"

"లేదత్తా. రెండూ కలిసిపోయాయి."

"మా అత్త నన్ను మాటకి ముందు తిట్టేది. సచ్చేముందు మాత్రం, 'తోడు జాగర్త' అంది. ఇంకేటీ అన్లేదు." అత్త గిన్నె వంచింది. గడ్డగడ్డగా జారిపోయింది. అడుగున గరిటెడు అతుక్కుని ఉండిపోయింది. అలవాటైన చెయ్యి అక్కడ ఆగిపోయింది. చివరికి అత్తే వేళ్ళతో అడుగు దాకా గోకి పారేసి, గిన్నె మరిగే నీళ్ళలోకి వదిలి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పసుమర్తి గారికి నూకరత్నం అంతా రాసి పంపింది, మామ సంగతితో సహా. విచారణ జరుగుతుందనీ, పరీక్ష మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో, అసలు మొదలవుతుందో లేదో చెప్పలేననీ, లాబ్ తాళాలు అప్పగించమనీ ఆయన ఫోన్ చేశాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. ఆ వారమంతా ఆమె ఊళ్ళోనే ఉండి, ఇంటింటికీ తిరిగి మాత్రలు దగ్గరుండి మింగించింది. తనూ మింగింది. పిల్లకు చుక్కల మందు పోసింది.

మాత్రలు అయిపోయిన మూడో రోజు పొద్దున్న, గౌరీశ్వరి గదిలోంచి కేక వేసింది. అందరూ గుమ్మంలో తోసుకున్నారు. "ఉష్, ఉష్" అంటోంది గౌరీశ్వరి, కేక పెట్టింది తనే అయినా. పిల్ల రొమ్ము వదలడం లేదు. గుటకలు గుమ్మం దాకా వినిపిస్తున్నాయి. పాలు చెంప మీదుగా కారిపోతున్నా పట్టు విడవడం లేదు.

"నా సుగరు సూడవే, తొందరగా" అన్నాడు అప్పలసూరి అరుగు మీద కాలు చాపుకుని. వేలు గుచ్చింది. అందరూ మిషను మీదికి వంగారు. రెండువందల అరవై ఎనిమిది.

"వచ్చేసినాది! సుగరు వచ్చేసినాది!" అని అరిచింది దాలమ్మ, ఆ అంకె కనబడేంత దగ్గరగా మొహం పెట్టి. అంటే ఆ జీవి చచ్చింది, నాలికలు తిరిగొచ్చాయి. వీధంతా ఈలలు, చప్పట్లు. సుగరు పెరిగిందని ఒక ఊరు ఊరంతా పండగ చేసుకోవడం ఎవరైనా విన్నారా? నూకరత్నం ఒక్కతే ఆ అంకెను చూస్తూ ఉండిపోయింది. పాదం మీది కొత్త చర్మం ఎన్ని వారాలు నిలుస్తుందో ఆమెకు లెక్క తెలుసు.

"ఏటే, ఏడుత్తన్నావు?" అన్నాడు మామ. మనవరాలి గుటకలు వింటూ అతను నవ్వుతున్నాడు. "రాసుకో. అంకె తప్పు రాయకు. ఈపాలి నాలిక జోలికెళ్ళని మందు సెయ్యి. మొదటి కప్పు నాకే ఇవ్వాల. కానీ తొందరగా సెయ్యి అమ్మీ, కాలుండగానే."

ఆమె దూదితో అతని వేలి మీది నెత్తురు చుక్క తుడిచింది.

"అలాగే మావా" అంది.